ఇంట్లో అర్ధరాత్రి దెయ్యాల సినిమా: తెర ముందు వ్యాఖ్యాతతో సహా, మొదటి నుంచి చివరి దాకా

“పాత నలుపు తెలుపు దెయ్యాల సినిమా పెట్టాం. పావుగంట తిరగకుండానే అందరూ ఫోన్లు తీశారు. ఎక్కడ తప్పు జరిగింది?” అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. చాలాసార్లు తప్పు సినిమాలో ఉండదు. గదిలో, టీవీ సెట్టింగుల్లో, అన్నిటికంటే ముఖ్యంగా తెర పక్కన ఉండాల్సిన మనిషి లేకపోవడంలో ఉంటుంది.

1957లో అమెరికా టీవీ కేంద్రాలకు 52 పాత సినిమాల కట్ట ఒకటి అమ్మకానికి వచ్చింది. రాత్రి పూట జనాన్ని కూర్చోబెట్టి వాటిని చూపించడానికి ఊరికో వ్యాఖ్యాత వేషం కట్టాడు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క మధ్యలో దూరి చేసే పనే అతనిదీ: కాసేపు నవ్వించి, ప్రేక్షకుణ్ని మళ్లీ కథలోకి తోసేయడం. ఆ పని మీ ఇంటి హాల్లో ఎలా చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను. ఒకరోజు తయారీ, 3 వేల లోపు ఖర్చు, ఒక ఓపికగల మనిషి చాలు.

1. సినిమా ఎంచుకోవడం

మొదటిసారి 80 నిమిషాలు దాటిన సినిమా జోలికి వెళ్లకండి. విరామాలు కలిపితే అదే గంటన్నర అవుతుంది. తర్వాత పెద్దవాళ్లు కునుకు తీస్తారు, పిల్లలు పక్కవాళ్లను గిల్లుతారు.

నేను సూచించే వరుస ఇది:

• హౌస్ ఆన్ హాంటెడ్ హిల్ (1959, 75 నిమిషాలు): మొదటి రాత్రికి ఇదే. ఒక ధనికుడు ఐదుగురిని పిలిచి, రాత్రంతా ఆ ఇంట్లో ఉంటే తలా 10,000 డాలర్లు ఇస్తానంటాడు. కథ ఒక్క వాక్యంలో అర్థమవుతుంది.
• ఫ్రాంకెన్‌స్టైన్ (1931, 70 నిమిషాలు): రెండో రాత్రికి.
• క్యాట్ పీపుల్ (1942, 73 నిమిషాలు): చూపించకుండా భయపెట్టే సినిమా. నిశ్శబ్దంగా కూర్చోగల వాళ్లకు.
• నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్ (1968, 96 నిమిషాలు): పెద్దలకు మాత్రమే. పిల్లలు ఉంటే పక్కన పెట్టండి.

1931 నాటి డ్రాక్యులా పేరు అందరికీ తెలుసు కనుక అదే ముందు పెడదామని అనిపిస్తుంది. తొందరపడకండి. మొదట్లో వచ్చే పేర్ల సంగీతం అయిపోయాక అందులో నేపథ్య సంగీతం దాదాపు ఉండదు. కిర్రుమనే ఫ్యాను కింద ఆ నిశ్శబ్దం నిలవదు, సినిమా నీరసంగా కనిపిస్తుంది.

మూకీ సినిమా నాస్ఫెరాటు (1922) కూడా మొదటి రాత్రికి వద్దు. తర్వాత ఎప్పుడైనా వేస్తే రంగు పూత ఉన్న ప్రింటే వెతకండి. అందులో రాత్రి దృశ్యాలను పగలు తీసి నీలి పూత వేశారు. పూత లేని ప్రింటులో ఎండకు చచ్చిపోవాల్సిన పిశాచం పట్టపగలు శవపేటిక మోసుకుంటూ తిరుగుతుంది. గదిలో ఎవరో ఒకరు తప్పకుండా పట్టేస్తారు.

ఎంచుకున్న సినిమాను మీరు ముందే రెండుసార్లు చూడాలి. మొదటిసారి కథ కోసం, రెండోసారి చేతిలో కాగితం పెట్టుకుని విరామాల కోసం. ఈ మెట్టు వదిలేస్తే మిగతా మెట్లు ఎక్కినా లాభం లేదు.

2. మంచి ప్రింటు, హక్కుల సంగతి

హౌస్ ఆన్ హాంటెడ్ హిల్, నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్ అమెరికాలో ఎవరి హక్కులూ లేని సినిమాలు. రెండోదాని సంగతి విచిత్రం: విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు, కొత్త పేరుతో పాటు కాపీరైట్ ప్రకటన వేయడం మరిచిపోయారు. హక్కులు లేవు కనుక ఎవరికి వారు కాపీలు పెట్టారు, వాటిలో ఎక్కువ భాగం చెత్త. మొదట దొరికినది దించుకుని సంతృప్తి పడకండి. రెండు మూడు తెరిచి ఒకే దృశ్యాన్ని పోల్చి చూడండి.

చూడాల్సినవి:

• ముఖంలో తెలుపుకూ నలుపుకూ మధ్య బూడిద ఛాయలు కనిపిస్తున్నాయా? సున్నం కొట్టిన గోడలా ఉంటే వదిలేయండి.
• చీకటి దృశ్యంలో నల్లకోటు, నల్లగోడ విడిగా కనిపిస్తున్నాయా?
• మాటలు నూతిలోంచి వచ్చినట్టు ఉన్నాయా?
• కంప్యూటర్‌తో రంగులద్దిన కాపీనా? అయితే వద్దు. నీడల కోసం వెలిగించిన దృశ్యానికి రంగు పూస్తే నీడ చస్తుంది.

ఇంట్లో బంధుమిత్రులతో చూడడం వేరు, అపార్ట్‌మెంటు హాల్లో టికెట్టు పెట్టి వేయడం వేరు. రెండోదానికి అనుమతి వ్యవహారం ముందే చూసుకోండి. 1931 నాటి సినిమాలకు అమెరికాలో 2026 చివరి దాకా హక్కులున్నాయి. మీ వ్యాఖ్యానంతో కలిపి వీడియో తీసి నెట్‌లో పెట్టాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

3. టీవీని లొంగదీయడం

కొత్త టీవీలు క్రికెట్ కోసం తయారవుతాయి. పాత సినిమాకు వాటి తెలివి అంతా అడ్డమే. పగటిపూటే కూర్చుని ఇవి మార్చండి:

• పిక్చర్ మోడ్ ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’లో పెట్టండి. ‘వివిడ్’ వద్దు.
• మోషన్ స్మూతింగ్ (కదలికను నున్నగా చేసే సదుపాయం) పూర్తిగా ఆపండి. కంపెనీని బట్టి దాని పేరు మారుతుంది. అది ఉంటే 1931 నాటి కోట కూడా పెళ్లి వీడియోలా కనిపిస్తుంది.
• షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. ఎక్కువైతే పాత ఫిల్ము రేణువులు చీమలు పాకినట్టు కనిపిస్తాయి.
• గది వెలుతురును బట్టి కాంతి మార్చే సెన్సర్‌ను ఆపండి. లేకపోతే మీరు దీపం ఆర్పగానే టీవీ కూడా మసకబారుతుంది.
• ఆస్పెక్ట్ రేషియో (బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) ‘ఒరిజినల్’లో ఉంచండి. 1930లు, 40ల సినిమాలకు రెండు పక్కలా నల్లటి పట్టీలు రావాలి.

“పట్టీలు వస్తున్నాయి, తెర నిండా పెట్టండి” అని బాబాయి ఒకరు తప్పక అంటారు. వినకండి. తెరను సాగదీస్తే ఎముకల గూడుకు కూడా పొట్ట వస్తుంది. గోడ గడియారమో చందమామో కనిపించే దృశ్యం దగ్గర ఆపి చూడండి. గుండ్రంగా ఉంటే సరే.

శబ్దం విషయంలో ఒక్కటే నియమం. చప్పుళ్లను సమం చేసే ‘నైట్ మోడ్’, ‘ఆటో వాల్యూమ్’ ఆపేయండి. క్యాట్ పీపుల్‌లో ఒక అమ్మాయి రాత్రి వీధిలో ఒంటరిగా నడుస్తుంది. అడుగుల చప్పుడు, తర్వాత ఏమీ వినిపించదు, ఆ తర్వాత బుస్సుమంటూ ఒక బస్సు వచ్చి ఆగుతుంది. అంతే. ఆ ఒక్క బుస్సుకే ప్రేక్షకులు ఎగిరిపడతారు. టీవీ ఆ రెండు చప్పుళ్లనూ ఒకే స్థాయికి తెస్తే అక్కడ ఉన్నది ఉత్త బస్సు. అందుకే వాల్యూమ్‌ను గట్టి దృశ్యంలో కాకుండా, గుసగుసలాడే దృశ్యంలో సరిచేసుకోండి.

4. గది

చీకటి అంటే నిజంగా చీకటి కావాలి. వీధి దీపం పడే కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టండి. రూటర్, ఇన్వర్టర్, సెట్‌టాప్ బాక్సు మీద మెరిసే చుక్కలకు నల్ల టేపు వేయండి. గూట్లో దీపం వెలుగుతూ ఉంటే దాన్ని ఆర్పమని నేను చెప్పను, తెర అడ్డం పెట్టుకోండి. బాత్రూం దారిలో మాత్రం చిన్న నైట్‌ల్యాంపు తప్పనిసరి.

తినుబండారాల గురించి ఎవరూ ఆలోచించరు. చిప్స్ పొట్లాల కరకర ఒక్కటి చాలు సగం భయాన్ని చంపడానికి. పునుగులు, పకోడీలు సినిమాకు ముందే పెట్టేయండి. సినిమా నడుస్తున్నప్పుడు చప్పుడు చేయని గిన్నెల్లో పేలాలు. అల్లం టీ రెండో విరామంలో.

ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో వేయించండి. అడిగితే ఎవరూ వేయరు. వ్యాఖ్యాత వేషంలో వచ్చి బుట్ట చాపితే నవ్వుతూ వేస్తారు.

పక్క ఫ్లాటు వాళ్లకు సాయంత్రమే ఒక మాట చెప్పండి. 11 గంటలకు మీ ఇంట్లోంచి కేకలు వినిపిస్తే వాళ్లు మరోలా అనుకునే ప్రమాదం ఉంది.

5. వేషం, వెలుగు

ఆ కట్ట రాకముందే, లాస్ ఏంజెలెస్‌లో 1954లో టీవీ వ్యాఖ్యాత వాంపైరా పొగమంచు నిండిన నడవలోంచి నడిచివచ్చి కెవ్వున అరిచేది, తర్వాతే మాట్లాడేది. షికాగో వ్యాఖ్యాత స్వెంగూలీ శవపేటికలోంచి లేస్తాడు. అమెరికాలో ఉన్న మనవాళ్లు శనివారం రాత్రి ఆయన కార్యక్రమం ఒకటి చూసి పెట్టుకోవచ్చు. గమనించాల్సింది ఒక్కటే: మొదటి 10 సెకన్లలో మాట కంటే ముందు రాకడ ఉంటుంది. మీరూ సోఫాలోంచి లేచి “హాయ్ అందరికీ” అనకండి. లోపలి గదిలోంచి రండి.

వేషానికి నలుపు, తెలుపు, బూడిద రంగు బట్టలే వాడండి. ముఖానికి పౌడరు, కళ్ల కింద కాటుక. ముఖానికి వెలుతురు కింద నుంచి రావాలి. నేల మీద చిన్న ల్యాంపు పెట్టి ముందు బటర్ పేపరు అడ్డం పెడితే చాలు.

పొగ కావాలంటే సాంబ్రాణి వేయండి, కిటికీ కొద్దిగా తెరిచి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఉంటే మానేయండి. విదేశాల్లో పొగ అలారం ఉన్న ఇళ్లలో అసలు ముట్టుకోకండి. అగ్నిమాపక దళం వస్తే మీ కంటే బాగా భయపెడుతుంది. డ్రై ఐస్ మూసిన గదిలో ఊపిరాడకుండా చేస్తుంది కనుక వద్దు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కిటుకు. 1931లో డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్ తీసినప్పుడు, నటుడి ముఖం కెమెరా ముందే, కోత లేకుండా రాక్షసంగా మారింది. ముఖం మీద రంగు గీతలు ముందే గీసి, కెమెరా ముందు రంగు అద్దాలు మార్చారు. నలుపు తెలుపు ఫిల్ముకు రంగు తెలియదు కనుక అద్దం మారగానే గీతలు పైకి తేలాయి. ఇదే పని ఇంట్లో చేయవచ్చు:

1. రిమోటుతో రంగులు మారే ఎల్ఈడీ బల్బు ఒకటి కొనండి.
2. ముఖానికి పౌడరు దట్టంగా పట్టించి, మంచి ఎర్ర లిప్‌స్టిక్‌తో బుగ్గల గుంటలు, కళ్ల కింద సంచులు, నుదుటి ముడతలు గీయండి. మెరూన్ పనికిరాదు, ఎర్ర వెలుగులోనూ అది కనిపిస్తుంది.
3. గదిలో ఎర్ర వెలుగు ఒక్కటే ఉంచండి. గీతలు దాదాపు మాయమవుతాయి.
4. మాట మధ్యలో బల్బును నీలానికి మార్చండి. ఎర్ర గీతలు నల్లగా మారి ముఖం కుళ్లిపోయినట్టు కనిపిస్తుంది.

ముందు రోజు తెల్ల కాగితం మీద, ఆ తర్వాత ముఖం మీద పరీక్షించండి. ఇది చెడేది ఒక్క కారణంతోనే: టీవీలో ఆపి ఉంచిన బొమ్మ వెలుగు. ఆ వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి కనుక గీతలు ముందే బయటపడతాయి. తెర మీద నల్లగుడ్డ వేయండి.

6. ఏం మాట్లాడాలి

నా మొదటి ప్రదర్శనలో సినిమా చరిత్ర అంతా 12 నిమిషాలు చెప్పాను. మా మామయ్య గురక పెట్టాడు. అప్పటి నుంచి నా లెక్క ఇది: ప్రారంభం 2 నిమిషాలు, ప్రతి విరామంలో మాట 3 నిమిషాలు, ముగింపు ఒక నిమిషం.

అన్నిటికంటే పెద్ద నియమం: సినిమాను ఎగతాళి చేయకండి, మిమ్మల్ని మీరు ఎగతాళి చేసుకోండి. పాత సినిమాలో దారానికి వేలాడే గబ్బిలాన్ని చూసి నవ్వడం ఎవరికైనా వచ్చు. వ్యాఖ్యాతే ముందు నవ్వితే ప్రేక్షకులు ఇక భయపడరు, భయపడడానికి సిగ్గుపడతారు. స్వెంగూలీ పాచి జోకు వేసినప్పుడల్లా రబ్బరు కోళ్లు ఆయన మీదే పడతాయి. ఆ దెబ్బలు ఆయనకు, సినిమాకు కాదు. మీరూ మనిషికి ఐదు కాగితపు ఉండలు పంచి, జోకు పేలకపోతే మీ మీద విసరమనండి. పిల్లలు సినిమా మీద కోపం ఆ ఉండలతో తీర్చేసుకుంటారు.

ప్రతి మాటలోనూ మూడు పనులు జరగాలి. ఒక నవ్వు, ఇంతవరకు కథ తెలుగులో మూడు వాక్యాలు, తర్వాతి భాగంలో కళ్లు పెట్టి చూడాల్సిన ఒక్క విషయం. రెండోది మన ఇళ్లలో మరీ ముఖ్యం. అప్పటి ఇంగ్లీషు యాస నానమ్మకే కాదు, ఇంగ్లీషు మీడియం మనవడికీ అందదు.

మూడోదే అసలు విద్య. ఉదాహరణకు ఫ్రాంకెన్‌స్టైన్‌లో రాక్షసుడి గురించి “వాడు మొదట తలుపులోంచి ఎటు తిరిగి వస్తాడో చూడండి” అనండి, అంతే. వాడు వెనక్కి నడుస్తూ వస్తాడు, ఆ తర్వాత తిరుగుతాడు. మీ ఒక్క మాటతో గదిలో అందరూ ముందుకు వంగుతారు. వాడి ముఖం గురించి మాత్రం నోరు మెదపకండి.

ప్రారంభానికి ఒక నమూనా:

“నమస్కారం. నా పేరు కాటికాపరి కామేశం. 300 ఏళ్లుగా ఈ ఇంట్లో అద్దెకుంటున్నాను, అడ్వాన్సు ఇంకా వెనక్కి రాలేదు. ఈ రాత్రి తెర మీద ఐదుగురు అతిథులు వస్తారు. ఎవరు ఎవరిని ఎప్పుడు ఒంటరిగా వదిలేస్తున్నారో లెక్క పెట్టుకోండి. మీ పక్కన కూర్చున్నవాళ్లను కూడా లెక్క పెట్టుకోండి, నేను వచ్చేటప్పటికి ఒకరు ఎక్కువగా కనిపించారు.”

7. విరామాలు ఎక్కడ పెట్టాలి

ప్రశ్న పుట్టిన చోట ఆపండి. జవాబు దొరికిన చోట ఆపితే జనం లేచి వెళ్లిపోతారు. ఉలికిపాటు వచ్చిన వెంటనే కూడా ఆపకండి, ఆ వణుకు ఇంకా పని చేస్తూ ఉంటుంది. చివరి అరగంటలో ఎట్టి పరిస్థితిలోనూ విరామం వద్దు.

హౌస్ ఆన్ హాంటెడ్ హిల్‌కు నేను పెట్టే విరామాలు రెండే.

మొదటిది, నేలమాళిగలో ఆమ్లపు తొట్టి చూపించడం అయ్యాక. ఇక్కడ నవ్వించండి, భుజాలు సడలనివ్వండి. కాసేపట్లోనే సినిమాలో మొదటి పెద్ద ఉలికిపాటు ఉంది. సడలిన భుజాలే బాగా ఎగురుతాయి.

రెండోది, ఇంటి తలుపులు మూసుకోవడం, అతిథులకు చిన్న శవపేటికల్లో పిస్తోళ్లు పంచడం రెండూ అయ్యాక. టీ ఇవ్వండి. నల్ల కాగితం అతికించిన అగ్గిపెట్టెలో చిన్న మైసూర్‌పాకు ముక్క పెట్టి, “ఇది మీ ఆయుధం” అంటూ ఒక్కొక్కరికీ పంచండి. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర తాళంచెవి గట్టిగా తిప్పిన చప్పుడు చేయండి. తాళం మాత్రం నిజంగా వేయకండి.

సినిమా చివర్లో ఒక ఎముకల గూడు వస్తుంది. 1959లో దర్శకుడు విలియం కాసిల్ కొన్ని థియేటర్లలో ఆ సమయానికి ప్రేక్షకుల తలల మీదుగా తీగకు కట్టిన ఎముకల గూడును పంపేవాడు. మీరు అట్టతో ఒకటి కత్తిరించి, కర్టెన్ కడ్డీ నుంచి ఎదుటి గోడ మేకు దాకా నైలాన్ దారం కట్టి లాగవచ్చు. దారం ఫ్యాను రెక్కలకు దూరంగా ఉండాలి. లాగే మనిషికి సమయం ముందే రాసివ్వండి. ఆలస్యమైతే నవ్వులే మిగులుతాయి.

8. ఆ రోజు వరుస

• ఉదయం: ఫైలు మొదటి నుంచి చివరి దాకా తెరుచుకుంటోందో లేదో చూడండి. రిమోటుకు కొత్త బ్యాటరీలు వేయండి. కరెంటు నమ్మకం లేని ఊరైతే టీవీ ఇన్వర్టర్ మీద నడుస్తుందో లేదో పరీక్షించండి.
• సాయంత్రం 6: దుప్పట్లు, టేపు, నైలాన్ దారం.
• 8:30: భోజనాలు. పెరుగన్నం మోతాదు తగ్గించమని చెప్పండి, నిద్ర ముంచుకొస్తుంది.
• 9:45: ఫోన్ల బుట్ట.
• 10:00: దీపాలు ఆర్పాక ఒక నిమిషం ఏమీ జరగకూడదు. తర్వాత వ్యాఖ్యాత.
• 10:03: సినిమా. హౌస్ ఆన్ హాంటెడ్ హిల్ నల్లతెర మీద కేకలతో మొదలవుతుంది. టీవీ పాడైందనుకుని ఎవరూ లేవకుండా, రిమోటు పట్టుకున్న మనిషికి ముందే చెప్పి ఉంచండి.
• 11:40 లోపు అంతా పూర్తి.

రిమోటు వ్యాఖ్యాత చేతిలో ఉండకూడదు. వేషంలో ఉన్న మనిషి బటన్లు వెతుక్కుంటుంటే దెయ్యం కాస్తా కేబుల్ ఆపరేటరవుతుంది.

9. జరిగే తప్పులు, సరిచేసే దారులు

మొదటి పది నిమిషాల్లోనే వెకిలి నవ్వులు మొదలైతే: కంగారు పడకండి, భయం దాచుకునే నవ్వు కూడా అలాగే ఉంటుంది. కసరవద్దు. మొదటి విరామంలో మీరే ఒక చచ్చు జోకు వేసి ఉండలు విసిరించుకోండి, ఆ నవ్వు అక్కడితో ఖర్చయిపోతుంది.

ఒకరు కథ ముందే చెప్పేస్తుంటే: ఆ మనిషినే ఎముకల గూడు లాగే పనికి పెట్టండి.

పిల్లవాడు నిజంగా భయపడితే: వ్యాఖ్యాత వేషంలోనే దగ్గరికి వెళ్లకండి. పెద్దవాళ్లు బయటికి తీసుకెళ్లాలి. వేషం ఎలా వేశామో, లిప్‌స్టిక్ ఎక్కడ గీశామో తర్వాత తెల్ల వెలుగులో చూపిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

కరెంటు పోతే: వచ్చిన అదృష్టాన్ని వదులుకోకండి. టార్చి గడ్డం కింద పెట్టుకుని, మీ ఊళ్లో చెప్పుకునే చింతచెట్టు కథ అందుకోండి.

సినిమా ముగిశాక ట్యూబులైటు టక్కున వేయకండి. నేల మీది ల్యాంపు వేసి, ఒక నిమిషంలో వీడ్కోలు చెప్పి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. అందరూ వెళ్లాక నైలాన్ దారం, ఎముకల గూడు ఆ రాత్రే తీసేయండి. మేము ఒకసారి మరిచిపోయాం. తెల్లవారుజామున 4 గంటలకు మంచినీళ్ల కోసం లేచిన మా అత్తయ్య కేకకు, సినిమా చూసినవాళ్ల కేకలన్నీ కలిపినా సాటి రాలేదు.